ఎడమ కొయ్యకి తాడు

మా ఇంట్లో గయ్యాళులు ఇద్దరని, ఒకరికి రెండు కాళ్ళు, ఒకరికి నాలుగు కాళ్ళని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. నాలుగు కాళ్ళది మా బూడిదరంగు ఆడగుర్రం. రెండు కాళ్ళదాన్ని నేను. దానికి గయ్యాళి అని పేరు పెట్టిందీ ఆయనే, నాకు పెట్టిందీ ఆయనే. నేను పట్టించుకోను. నాకు నోరుంటే ఉంది, పని కూడా ఉంది. పొద్దున్నే లేచి నాలుగు గుర్రాల కింద లద్దె ఎత్తేది ఆయన జోకులు కాదు కదా, నా చేతులు.

మాది చిన్న కొట్టం. గుర్రప్పిల్లల్ని పుట్టించి, ఏడాది సాకి, స్వారీ నేర్పేవాళ్ళకి ఇస్తాం. గయ్యాళికి పంతొమ్మిదేళ్ళు. దాని అమ్మనీ, అమ్మమ్మనీ కూడా మా అత్తయ్యే పెంచింది. ఆ వరసలో మిగిలింది ఇదొక్కటే. మూడేళ్ళు వరసగా మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళినా చూలు కట్టలేదు. నాలుగో ఏడు కట్టింది. ఈ వయసులో దీనికి ఇంకో కాన్పు ఉండదని పశువుల డాక్టరు ముందే చెప్పేశాడు. కాబట్టి ఈ పిల్ల బతకాలి. ఆ ఏడాదంతా నా బుర్రలో ఇంకో మాట లేదు.

ఒక సంగతి మాత్రం నాకూ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

చూలు కట్టిన పదిహేనో రోజున డాక్టరు భుజం దాకా గ్లౌజు తొడుక్కుని స్కానింగ్ చేశాడు. మా ఆయన దాణా తేవడానికి వెళ్ళాడు, అత్తయ్య ఇంట్లో నిద్రపోతోంది. చిన్న తెర మీద ద్రాక్షపండంత నల్లటి చుక్కలు రెండు కనబడ్డాయి. కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి. గుర్రానికి కవలలు అచ్చిరావు. లోపల రెండింటికీ చోటు చాలదు. రెండూ జారిపోతాయి, లేకపోతే కాన్పులో తల్లే పోతుంది. అందుకని ఇంత చిన్నగా ఉన్నప్పుడే ఒకదాన్ని లోపలే వేళ్ళతో నొక్కేస్తారు. ఇది అందరూ చేసేదే. మామూలుగా చిన్నదాన్ని చూసి నొక్కుతారు. డాక్టరు రెండుసార్లు కొలిచి చూసి తల గోక్కున్నాడు.

"రెండూ సమానంగా ఉన్నాయమ్మా. ఏది ఉంచమంటారో మీరే చెప్పండి" అన్నాడు.

"ఎడమది తీసెయ్యండి" అన్నాను.

ఎందుకు ఎడమ అన్నానంటే కారణం లేదు. నేను గుర్రానికి ఎడమవైపు నిలబడి ఉన్నాను, అంతే. డాక్టరు పని ఒక నిమిషం కూడా పట్టలేదు. తెర మీద ఒక చుక్క మిగిలింది. గయ్యాళి మెడ తిప్పి నా వంక చూసింది. గుర్రాలన్నాక చూస్తాయి, అందులో వింతేమీ లేదని అప్పుడు అనుకున్నాను.

ఇంట్లో చెప్పలేదు. మా అత్తయ్య పిల్లికూన చచ్చినా పూట అన్నం మానేసే మనిషి. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే నాలుగు రోజులు ఏడుపు, నలభై రోజులు చర్చ. ఎవరికి ఓపిక? ఒకటి దక్కుతుంది, అది చాలనుకున్నాను.

పది నెలలు నిండేసరికి చలి తగ్గుముఖం పట్టింది, కొట్టంలో కాన్పు పనులు మొదలయ్యాయి. మూల గది ఖాళీ చేసి గోడలకి సున్నం వేశాం. పాత పొట్టు ఊడ్చేసి మోకాలి ఎత్తున ఎండుగడ్డి పరిచాం. తోకకి చుట్టే గుడ్డలు ఉతికి ఆరేశాను. బొడ్డుకి పూసే అయోడిన్ కొత్త సీసా తెచ్చి గూట్లో పెట్టాను. రోజూ పొదుగు కింద చెయ్యిపెట్టి చూడటం, నడుము వెనక కండ వదులైందా లేదా అని తడమటం నా వంతు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

తలతాళ్ళు మాత్రం మా అత్తయ్య వంతు. ఇది మా కొట్టంలోనే ఉన్న పద్ధతి, ఇంకెక్కడా చూడలేదు. పుట్టబోయే పిల్లకి మెత్తటి నూలుతాడుతో, ముక్కు మీదుగా తలకి తొడిగే చిన్న తలతాడు అల్లుతుంది. కాన్పుకి నెల ముందు నుంచి రోజూ దాన్ని తల్లి పొట్టకి రుద్ది, గది తలుపు పక్కన కొయ్యకి తగిలిస్తుంది. అలా దానికి తల్లి వాసన పడుతుంది. పిల్ల లేచి నిలబడగానే ముందు తలతాడు, తరవాతే పాలు. తల్లి ఒక్కసారి వాసన చూసి ఇది నాదే అని పాలిస్తుందట. గడ్డం కింద జారుముడి ఉంటుంది. పిల్ల ఎదుగుతుంటే ప్రతి ఆదివారం ముడిని ఒక వేలెడు వదులు చెయ్యాలి. మరిచిపోతే తాడు మొహంలోకి కోసుకుపోతుంది. మా ఎర్రగుర్రం ముక్కు మీద ఇప్పటికీ గాడి ఉంది, ఒక ఏడు అందరం జ్వరాలతో పడి రెండు వారాలు మరిచిపోయిన ఫలితం అది.

అత్తయ్యకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి నీడ తప్ప ఏమీ కనబడదు. చేతులతోనే అల్లుతుంది. ఈసారి అల్లడం అయ్యాక కొట్టంలోకి వెళ్ళి చూద్దును కదా, తలుపుకి కుడి కొయ్యకి ఒక తెల్లతాడు, ఎడమ కొయ్యకి ఒక గోధుమరంగు తాడు వేలాడుతున్నాయి.

ఇన్ని తాళ్ళెందుకని అత్తయ్యని అడిగితే, రెండున్నాయి కదా అంది మామూలుగా. ఎవరు చెప్పారన్నాను. ఎవరో చెప్పాలా, రోజూ పొట్ట మీద చెయ్యి వేస్తూనే ఉన్నాను కదా అంది. తెల్లది కుడి పొట్టకి, గోధుమది ఎడమ పొట్టకి రుద్దుతోందట. ఒళ్ళు మండింది. ఏడో నెలలో మళ్ళీ స్కానింగ్ చేశారనీ, ఒకటే గుండె కొట్టుకుంటోందనీ, కళ్ళు కనబడక ఏదేదో ఊహించుకోవద్దనీ గట్టిగానే అన్నాను. కళ్ళ మాట ఎత్తి ఉండకూడదు, తెలుసు. మర్నాడు పొద్దున్న అత్తయ్య మళ్ళీ వచ్చి రెండు తాళ్ళూ రెండు వైపులా రుద్ది తగిలించింది.

అప్పటి నుంచి నేను చూడకూడదనుకున్నవి కనబడటం మొదలెట్టాయి. గయ్యాళి తిండిపోతు, తొట్టి నాకి మరీ తింటుంది. అలాంటిది సగం దాణా తిని, పక్కకి జరిగి, మిగతా సగం వదిలేసేది. పిల్ల పక్కన ఉన్న తల్లిగుర్రం అలా జరుగుతుంది. ఇంకా పిల్లే పుట్టలేదు. సాయంత్రానికి చూస్తే తొట్టి ఖాళీ. ఎలుకలు అనుకున్నాను. ఇంకో రోజు దాని ఎడమ పక్కన గడ్డి చిన్న గుంటలా అణిగి ఉంది. పారతో కదిపి సరిచేశాను. మర్నాడు మళ్ళీ అదే చోట, అంతే గుంట. పిల్లి పడుకుందేమో అని చెయ్యిపెట్టి చూశాను. వెచ్చగా ఉంది. మా కొట్టంలో పిల్లి లేదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతుండగా భయపడ్డాను. నా మీద నాకే కోపం వచ్చి పార గోడకేసి కొట్టి బయటికొచ్చాను.

ఆ కోపంలోనే చేశాను ఆ పని. రెండు తాళ్ళు అలా వేలాడుతుంటే మా ఆయన ఎప్పుడో ఒకప్పుడు డాక్టర్ని అడుగుతాడు, డాక్టరు ఉన్నది చెప్పేస్తాడు. అందుకని ఒక తాడు తీసేద్దామనుకున్నాను. ఏది తీయాలా అని ఆలోచించలేదు. చేతికి దగ్గరగా ఉన్నది తీసి, దాణా గదిలో ఇనప్పెట్టె అడుగున, పాత కంబళ్ళ కింద కుక్కేశాను. తీసింది తెల్లతాడు. మర్నాడు అత్తయ్య కొయ్య తడిమి, ఒకటే ఉందేమిటే అంది. ఎలుకలు కొరికేస్తే పారేశానన్నాను. ఆవిడ ఇంకేదో అడగబోయింది. పనుందని వచ్చేశాను.

ఆ మరుసటి తెల్లవారుజామునే కాన్పు మొదలైంది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఇంటి గుమ్మం నుంచి కొట్టం కనబడలేదు. కానీ కాన్పు చక్కగా జరిగింది. ముందు రెండు గిట్టలు, వాటి మీద ముక్కు, పాఠం చెప్పినట్టు వరసగా వచ్చాయి. ఆడపిల్ల. ఎరుపు మీద నుదుట తెల్లచుక్క. నేను బొడ్డుకి అయోడిన్ పూస్తుంటే నా చెయ్యి నాకింది. సిగ్గులేకుండా ఏడ్చాను. గయ్యాళి దాన్ని తల నుంచి తోక దాకా నాకి శుభ్రం చేసింది. మాయ కూడా పూర్తిగా పడిపోయింది. ముప్పావుగంటకల్లా పిల్ల లేచి, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టి నిలబడింది.

మా ఆయన కొయ్యకున్న తాడు తీసి దాని తలకి వేశాడు. గోధుమరంగు తాడు.

గయ్యాళి వచ్చి వాసన చూసింది. చూసి, తల వెనక్కి లాగేసుకుంది. చెవులు వెనక్కి పడిపోయాయి. అంతసేపు నాకిన పిల్లని ఎన్నడూ చూడనట్టు చూసి, ఎడమ మూలకి వెళ్ళి, గడ్డిలో ఆ గుంట పడే చోట తల దించి, గొంతులో గురగురమంటూ పిలిచింది. తల్లిగుర్రం పిల్లని పిలిచే పిలుపది. నేను వందసార్లు విన్నాను. అక్కడ ఏమీ లేదు.

పిల్లని మెల్లగా పొదుగు దగ్గరికి నడిపిస్తే కాలు విసిరింది. గిట్ట పిల్ల చెవి పక్కనుంచి పోయింది. రెండోసారి నడిపిస్తే మా ఆయన మోకాలికి తగిలింది. పాలు పిండి సీసాతో పడదామంటే నన్నూ దగ్గరికి రానివ్వలేదు. పిల్ల పుట్టిన రెండు మూడు గంటల్లో ముర్రుపాలు కడుపులో పడాలి. పడకపోతే ఒంట్లో శక్తి రాదు, రెండు రోజుల్లో ఏదో ఒక జబ్బు పట్టుకుపోతుంది. డాక్టరుకి ఫోన్ చేస్తే మంచులో బండి కదలడం లేదనీ, వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందనీ అన్నాడు. తాడు తీసేసి చూశాం. అయినా దాన్ని దగ్గరికి రానివ్వలేదు, ఆ వాసన అప్పటికే పట్టేసినట్టుంది. రెండు గంటలు దాటాయి. పిల్ల గోడని నాకుతోంది, తలుపు నాకుతోంది, నా చొక్కా గుండీ చప్పరిస్తోంది. దాని కాళ్ళు వణకడం మొదలెట్టాయి.

అప్పుడు చూశాను. గయ్యాళి మూలలో వెనక కాలు కాస్త పక్కకి జరిపి, నడుము వంచి నిలబడింది. పాలిచ్చేటప్పుడు నిలబడే తీరు అది. పొదుగు నుంచి పాలు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నేను దూరంగానే వంగి, చెయ్యి చాచి కింద గడ్డి తడిమాను. పొడిగా ఉంది. పాలు కారుతూనే ఉన్నాయి, గడ్డి తడవలేదు.

అత్తయ్య గోడ పట్టుకుంటూ ఎప్పుడొచ్చిందో వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చెయ్యి చాచి పిల్ల మొహం తడిమింది. తరవాత మా ఆయన చేతిలో ఉన్న తాడు తీసుకుని ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇది దీని తాడు కాదు. ఎడమదానిది" అంది. నా వైపు తిరిగింది. "ఎడమది ఏమైందే?"

మా ఆయన ఎడమది ఏమిటని అడిగాడు. అబద్ధానికి నా నోట్లో మాటలు కావలసినన్ని ఉంటాయి. అప్పుడు ఒక్కటీ రాలేదు. పిల్ల నా కాలికి ఆనుకుని వణుకుతోంది.

"నేనే తీయించేశాను అత్తయ్యా. మొదట్లోనే. రెండూ సమానంగా ఉన్నాయన్నాడు, ఎడమది తీసెయ్యమన్నాను" అన్నాను.

మా ఆయన బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. మూలలో చప్పరిస్తున్న చప్పుడు వినబడింది. నా ఒక్కదానికే వినబడిందనుకున్నాను, కానీ మా ఆయన తల ఎత్తి అటే చూశాడు.

"ఒక్కటైనా దక్కాలని చేశావు, దానికి నిన్ను తిట్టను" అంది అత్తయ్య. "నాకు చెప్పి ఉంటే దాని తాడు వేరేగా దాచేదాన్ని. ఇప్పుడు ఒకదాని తాడు ఇంకోదాని తలకి తగిలించారు. తల్లి ఏమనుకుంటుంది? తన పిల్లని తోసేసి ఇంకెవరో వచ్చారనుకుంటుంది. తెల్లది ఉందా, నిజంగానే పారేశావా?"

దాణా గదికి పరిగెత్తాను. ఇనప్పెట్టె మూత ఎత్తి కంబళ్ళన్నీ బయటికి విసిరేశాను. పైనున్న కంబళ్ళు పొడిగా, దుమ్ముగా ఉన్నాయి. అడుగున తెల్లతాడు మాత్రం తడిసి ముద్దయి ఉంది. ఉమ్మనీటి వాసన. కాన్పు గదిలో నా చేతులకి అంటుకున్న వాసన అదే. మామూలప్పుడైతే కింద పడేసి పారిపోయేదాన్ని. పిల్ల మొహం గుర్తొచ్చి గుప్పిట్లో పట్టుకుని తెచ్చేశాను.

అత్తయ్యే దాన్ని పిల్ల తలకి వేసి, గడ్డం కింద ముడి సరిచేసింది. గోధుమతాడు ఎడమ కొయ్యకి తిరిగి తగిలించింది. ఆ తాడు కొయ్యకి తగలగానే గయ్యాళి మూలలోంచి తల ఎత్తింది. నడిచొచ్చి పిల్లని మెడ దగ్గర, నుదుట, తాడు మీద వాసన చూసింది. తరవాత కాలు పక్కకి జరిపింది. పిల్ల రెండుసార్లు తప్పుగా పొడిచి, మూడోసారి పట్టుకుంది. గుటకలు వినబడుతుంటే నేను గడ్డిలో కూర్చుండిపోయాను. పిల్ల మూతి పక్కనుంచి జారిన పాలు కింద పడి గడ్డి తడిసింది. ఆ తడిని చేత్తో రాసుకున్నాను, పిచ్చిదానిలా.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి, పిల్ల భేషుగ్గా ఉందన్నాడు. మా ఆయన ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. రెండో రోజు, నాకైనా చెప్పి ఉండాల్సింది అని ఒక్క మాట అన్నాడు. చెప్పాల్సిందే. నేనూ ఒప్పుకున్నాను.

ఆదివారం నేను పిల్ల తలతాడు ముడి ఒక వేలెడు వదులు చేశాను. నా వెనకే అత్తయ్య వచ్చి ఎడమ కొయ్యకున్న తాడు ముడి కూడా వేలెడు వదులు చేసింది. కొయ్యకి వేలాడే తాడుకి ఎందుకండీ ఈ చాకిరీ అన్నాను. తాడుని కొయ్యకి సర్ది వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారమూ అంతే. మూడో ఆదివారమూ అంతే. ఆ తరవాత ఆవిడని కళ్ళ ఆపరేషన్‌కని మా ఆడపడుచు వచ్చి తీసుకెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఆ తాడు పని నాకు అప్పగించలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

నాలుగో ఆదివారం తెల్లతాడు వదులు చేసి, ఇంట్లోకి వచ్చి టీ పెట్టుకున్నాను. రెండోది నా పని కాదనుకున్నాను. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి కొట్టంలోంచి గయ్యాళి అరిచింది. ఆగింది. మళ్ళీ అరిచింది. తలుపు చెక్కని గిట్టతో తన్నడం మొదలెట్టింది. వెళ్ళి చూస్తే పిల్ల హాయిగా కుడి పక్కన పడుకుని నిద్రపోతోంది. గయ్యాళి దాని వైపు చూడటం లేదు. తలుపు పక్కన ఎడమ కొయ్య వైపే చూస్తోంది.

కొయ్యకి తగిలించిన తాడు నీరసంగా కిందికి జారి ఉండాలి. అది గుండ్రంగా, నిండుగా నిలబడి ఉంది. గడ్డం కింది ముడి బిగుసుకుపోయి, నూలు పోగులు తెగడానికి సిద్ధంగా సాగి ఉన్నాయి. ముడిలో రెండు మూడు సన్నటి వెంట్రుకలు చిక్కుకున్నాయి. బూడిదరంగువి, తల్లి రంగు.

నాకు భయం వేసింది, ఎందుకు దాచాలి. ముడి కింద వేలు దూర్చాను. వెచ్చగా ఉంది. ఒక వేలెడు వదులు చేశాను. చూసి, వచ్చే వారానికి ఇంకా పెరుగుతుంది కదా అని ఇంకొంచెం వదిలాను. నా మణికట్టు మీద మెత్తగా ఊపిరి తగిలింది. గయ్యాళి తన్నడం ఆపేసి దాణా తినడానికి వెళ్ళింది, సగం తిని పక్కకి జరిగింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం రెండు తాళ్ళూ నేనే వదులు చేస్తున్నాను. ముందు ఎడమది, తరవాత కుడిది. ఎదిగే పిల్ల మొహంలోకి తాడు కోసుకుపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాను? ఆ రోజు ఎడమది అన్నది నేనే కదా.